ఐదో రోజు చెయ్యెత్తమనకండి

ముందుగా ఒక ఒప్పుకోలు. ఆ సాయంత్రం హాల్లో లైట్లు ఆర్పింది నేనే.

కంప్యూటర్లు చదివినవాడికి మనవాళ్ళు నలుగురు చేరిన చోటల్లా ఒకటే పని అప్పజెబుతారు. ఉగాది సంబరమైనా, చర్చి కూడికైనా ప్రొజెక్టరు పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతారు. "బ్రదర్, మీకు తెలిసిన పనే కదా" అంటారు. పాటల స్లైడ్లు మార్చడానికి కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదని ఎంత మొత్తుకున్నా వినరు. పగలంతా మెసయీద్‌లో ఒక ప్లాంటు స్టోర్సు లెక్కలు చూసే సాఫ్ట్‌వేరుతో కుస్తీ పట్టి, సాయంత్రమయ్యేసరికి నలభై కిలోమీటర్ల పైచిలుకు కారు నడుపుకుంటూ దోహా వెళ్ళి, గత జూన్ చివరి వారం ఐదు రోజులూ నేను చేసింది అదే. మేం వెళ్ళే సంఘం వాళ్ళు పిల్లలకి వి.బి.ఎస్. పెట్టారు. వెకేషన్ బైబిల్ స్కూల్ అన్నమాట. మా ఊళ్ళో 'సెలవుల బైబిలు బడి' అనేవాళ్ళు. ప్రొజెక్టరు, మైకులు, లైట్ల స్విచ్చిబోర్డు అన్నీ నా చేతికిందే.

నాలుగు రోజులు బాగా గడిచాయి. పిల్లలు గెంతారు, పాడారు, రంగు కాగితాలు కత్తిరించి నోవహు ఓడ చేశారు, జిగురంతా బట్టలకి పూసుకున్నారు. ఐదో రోజు ముగింపు వర్తమానం చెప్పడానికి ఇండియా నుంచి వచ్చిన బ్రదర్ ఒకాయన లేచాడు. మంచి గొంతు. మొదట నవ్వించాడు. తర్వాత పాపం గురించి చెప్పాడు, ఆ తర్వాత నరకం గురించి, ఎప్పటికీ ఆరని మంట గురించి. కీబోర్డు అబ్బాయి మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు. ఆయన నా వైపు చూసి అరచెయ్యి కిందికి ఊపాడు. నేను లైట్లు ఆర్పాను.

"అందరూ కళ్ళు మూసుకోండి. పక్కవాళ్ళని ఎవరూ చూడొద్దు. ఈ రాత్రే మీరు చనిపోతే ఎక్కడికి వెళ్తారు? యేసయ్యని మీ హృదయంలోకి చేర్చుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

తలుపు మీద 'ఎగ్జిట్' బోర్డు పచ్చ వెలుగులో ఒక్కొక్క చెయ్యీ లేచింది. గోడ దగ్గర నిలబడ్డ ఒక వలంటీరు లెక్క రాసుకుంటున్నాడు. మూడో వరసలో మా చిన్నది. ఏడేళ్ళు. చెయ్యెత్తి ఏడుస్తోంది.

తిరుగు దారిలో అడిగాను, "ఎందుకెత్తావమ్మా?"

"పక్కనక్క ఎత్తింది."

"కళ్ళు మూసుకున్నావుగా, ఎలా కనిపించింది?"

"కొంచెం తెరిచా నాన్నా. అది పాపమా?"

నవ్వొచ్చింది. ఆ నవ్వు వక్రా దాటేవరకే నిలిచింది. "నాన్నా, కిందింటి అమ్ములు చెయ్యెత్తలేదు కదా. అది ఇవాళ రాత్రి చచ్చిపోతే?"

ఈ అమ్ములు వాళ్ళ గురించి చెప్పాలి. కరీంనగర్ వైపు వాళ్ళు. మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీలు ఉన్న రోజుల్లో, నాకు ప్లాంటులో ఆలస్యమైన రోజుల్లో, మా చిన్నదానికి అన్నం పెట్టేది, జడ వేసేది ఆ ఇల్లాలే. నాలుగేళ్ళుగా అంతే. వి.బి.ఎస్. అయిన వారానికి ఆవిడ ఒక డబ్బాలో సర్వపిండి పట్టుకుని పైకొచ్చింది. గుమ్మంలోనే నిలబడి మా ఆవిడతో అంది: "ఏమనుకోకక్కా. మా పొల్ల రెండు దినాల సంది నిద్రపోతలేదు. 'నేను మంటల కాలిపోతనా అమ్మా' అని అడుగుతున్నది. మీ పాప కూడా మా ఇంట్ల తింటలేదు. నువ్వు జర చెప్పరాదు?" అంతే. కోపం లేదు, దెప్పుడు లేదు. ఆవిడ కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మా చిన్నది వాళ్ళింట్లో దేవుడి పటాలు చూసి, "వీటికి దణ్ణం పెడితే నరకానికి పోతావు" అని అమ్ములుకి చెప్పిందట. ఇస్లాం కాని మతాన్ని ప్రచారం చేయడం ఈ దేశంలో నేరం, 2004 నాటి శిక్షాస్మృతిలో దానికి జైలు ఉంది. ఏడేళ్ళ పిల్ల మీద ఎవరూ కేసు పెట్టరనుకోండి. ఆ పిల్ల చేసిన దాంట్లో తప్పూ లేదు. స్నేహితురాలు కాలిపోతుందని నమ్మిన పిల్ల, చెప్పకుండా ఎలా ఉంటుంది? దాని వరకూ అది ప్రేమే.

ఇక విషయానికొస్తాను. చర్చిలు సెలవుల్లో నడిపే ఈ బడులు పిల్లలకి మంచివా, కావా? మన ఊళ్ళలో ఈ ప్రశ్న వేశామంటే రెండో నిమిషంలో మతమార్పిడి మీదకి పోతుంది. ఒకాయన విదేశీ డబ్బు అంటాడు, ఇంకొకాయన మైనారిటీల మీద దాడి అంటాడు, టీవీలో నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. పిల్లల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇక్కడ ఆ గొడవకి తావే లేదు. ఖతర్‌లో క్రైస్తవ ఆరాధనకి దోహా శివార్లలో మెసయీమీర్ దగ్గర ప్రభుత్వం స్థలం ఇచ్చింది. మొదటి చర్చి, కథోలికులది, 2008 మార్చిలో తెరిచారు. బయటికి శిలువ కనిపించదు, గంట మోగదు. ఆరాధన శుక్రవారం. లోపల జరిగే వి.బి.ఎస్.కి వచ్చేవాళ్ళంతా క్రైస్తవుల పిల్లలే. కాబట్టి 'మా పిల్లల్ని మార్చేస్తున్నారు' అనే వాదన ఇక్కడ పనికిరాదు. మిగిలేది ఒకటే: మన పిల్లలకి మనం ఏం చేస్తున్నాం?

అసలు అవసరమే లేదనేవాళ్ళు ఒక్కసారి జులైలో మెసయీద్ వచ్చి చూడండి. ఒకప్పుడు ఉమ్ సయీద్ అనేవాళ్ళు ఈ ఊరిని. 1949 చివర్లో ఖతర్ మొదటి చమురు ఓడ బయల్దేరింది ఇక్కణ్ణుంచే. ఇప్పుడు ఒకవైపు ఎరువుల ఫ్యాక్టరీ, అల్యూమినియం, పెట్రోకెమికల్స్ పొగ గొట్టాలు, ఇంకోవైపు ఇసుక దిబ్బలు, సముద్రం. ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని 2007 నుంచి చట్టం. 2021లో దాన్ని పెంచి జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు చేశారు. పెద్దవాళ్ళే బయట ఉండకూడని ఎండలో పిల్లలెక్కడ ఆడతారు? ఏసీ గదిలో టాబ్లెట్ ముందు. పోనీ ఇంటికి పంపుదామా అంటే, ఇక్కడి ఇండియన్ స్కూళ్ళకి జూన్ చివర్లో సెలవులిస్తారు. ఆంధ్రలో, తెలంగాణలో బళ్ళు జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. మా పిల్లలు ఒంగోలు చేరేసరికి వాళ్ళ బావలు, వదినలు స్కూలు బస్సు ఎక్కుతుంటారు. మామిడి పళ్ళు కూడా అయిపోయి ఉంటాయి. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని మళ్ళీ అదే టాబ్లెట్. ఇలాంటి ఎండాకాలంలో ఐదు రోజులు, వంద మంది పిల్లలు ఒకచోట చేరి గొంతెత్తి పాడుతున్నారంటే దాన్ని తీసెయ్యమనడానికి నాకు నోరు రాదు.

పైగా నేను ఆ బడి బిడ్డనే. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పొగాకు బ్యారన్ల ఊరు. 1980ల చివర్లో సెలవులంటే మా పేటలో పిల్లలకి ఆట కాదు, పని. పొగాకు ఆకు వేరుచెయ్యడానికి అమ్మల వెంట పోవాలి. చేతులకి జిగురు, ముక్కులో ఘాటు. మే నెలలో పదిరోజులు మాత్రం చర్చి పక్క వేపచెట్టు కింద సెలవుల బడి. ఆ పదిరోజులు పిల్లల్ని పనికి తీసుకెళ్ళకూడదని పాస్టరు గారు ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చేవారు. పెద్దలు సణుక్కుంటూనే ఒప్పుకునేవాళ్ళు. ఇంటర్ చదివే అక్కలు, అన్నలే మాకు టీచర్లు. పొద్దున పాటలు, తర్వాత కథ, తర్వాత వంతులవారీగా పైకి చదవడం. బళ్ళో నాలుగో తరగతిలో ఉండి అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు అక్కడ చదవడం నేర్చుకున్నారు. దావీదు గొల్యాతుని కొట్టిన కథలో ఎక్కడ ఆపితే అందరూ ఊపిరి బిగబడతారో మా అక్కకి బాగా తెలుసు. అక్కడ ఆపి, "ఇక నువ్వు చదువు" అని పుస్తకం నా చేతికిచ్చేది. నా జీవితంలో నలుగురి ముందూ నిలబడి నేను మొదటిసారి గొంతు విప్పింది అక్కడే. తర్వాతి కాలంలో ఎన్ని ప్రెజెంటేషన్లిచ్చినా కాళ్ళు వణకకపోవడానికి కారణం ఆ వేపచెట్టే.

పాటలు సరేసరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూసినవాళ్ళకి తెలుస్తుంది, చాలా పాటల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళు కట్టిన కీర్తనలు. సంగీతం మేస్టారి గడప తొక్కే యోగం లేని పేటల్లో పిల్లలకి ఆ రాగాలు వాటంతటవే అబ్బాయి. మా నాయనమ్మకి చదువు రాదు, తాళం మాత్రం తప్పదు.

ఈ బడుల పుట్టుక కూడా అలాంటిదే. 1780లో గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడులు మొదలుపెట్టినప్పుడు అవి వారమంతా పనిచేసే పేద పిల్లలకి చదవడం నేర్పిన బడులు. 1898లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్ మురికివాడల్లో ఎలైజా హాస్ అనే ఆవిడ ఎండాకాలం వీధుల్లో తిరిగే పిల్లల్ని పోగుచేసి బడి పెట్టింది. చోటు దొరక్క పగటిపూట ఖాళీగా ఉండే ఒక బీరు దుకాణం అద్దెకి తీసుకుందట. వి.బి.ఎస్. చరిత్ర రాసేవాళ్ళు చాలామంది అక్కణ్ణుంచే మొదలుపెడతారు. అందులో నాకు నచ్చే విషయం, వీధిలో పిల్లలున్నారు, వాళ్ళకి ఎండాకాలం గడవాలి అన్న చోట ఆవిడ మొదలుపెట్టడం.

మరి ఎక్కడ చెడింది? నా మటుకు నాకు ఒక్కచోటే: ఆ చివరి రోజు.

నేనూ చెయ్యెత్తినవాడినే. ఒకసారి కాదు, మూడు ఎండాకాలాలు వరసగా. మొదటి ఏడు భయమేసి. రెండో ఏడు చెయ్యెత్తినవాళ్ళకి ముందు వరసలో కూర్చోబెట్టి పెన్సిలు డబ్బా ఇచ్చారని. మూడో ఏడు, పోయినేడాది ఇచ్చిన డబ్బా మా తమ్ముడు విరగ్గొట్టాడని. ఇలా మూడుసార్లు రక్షింపబడ్డ నన్ను మా పాస్టరు గారు పదహారేళ్ళు నిండేదాకా బాప్తిస్మానికి ఒప్పుకోలేదు. "డబ్బాలన్నీ వాడావా? ఇప్పుడు చెప్పు, నీకేం అర్థమైంది?" అని గంటసేపు ప్రశ్నలడిగారు. ఆయనకి తెలుసు.

మేం బాప్టిస్టులం. మిగతా సంఘాల నుంచి మమ్మల్ని వేరుచేసే సంగతి ఏమిటని అడిగితే ఏ బాప్టిస్టయినా చెప్పేది, పసిబిడ్డకి బాప్తిస్మం ఇవ్వకూడదని. ఎందుకివ్వకూడదు? తెలిసి, తనంతట తాను ఒప్పుకోవాలి కాబట్టి. ఈ మాట కోసం పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో మావాళ్ళు జైళ్ళలో మగ్గారు. అలాంటివాళ్ళం ఇవాళ ఏడేళ్ళ పిల్లని చీకట్లో కూర్చోబెట్టి, వెనక కీబోర్డు వాయించి, 'ఈ రాత్రే చచ్చిపోతే' అని అడిగి, చెయ్యెత్తగానే 'తెలిసి ఒప్పుకుంది' అని లెక్క రాసుకుంటున్నాం! ఇంతకన్నా పసిబిడ్డ నెత్తిన నీళ్ళు చల్లడమే నిజాయితీ. ఆ బిడ్డనెవరూ భయపెట్టరు, ఆ బిడ్డ ఒప్పుకున్నట్టు ఎవరూ నటించరు.

ఒంగోలు వాడిని కాబట్టి క్లౌ దొర సంగతి చెప్పకుండా ఉండలేను. జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. పదేళ్ళకి, 1876లో దారుణమైన కరువు. జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులు గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడు 'ఔను' అంటే అది కడుపు అన్న మాటో, మనసు అన్న మాటో చెప్పలేమని. కరువు సాయం ఆగిపోయి, ఇక తన దగ్గర పెట్టడానికేమీ లేదని తేలాక కూడా వచ్చినవాళ్ళకి ఇచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. మా ముత్తాత తల్లిదండ్రులు అందులో ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ప్రకాశం జిల్లాలో ప్రతి బాప్టిస్టు ఇంట్లోనూ అదే చెప్పుకుంటారు లెండి.

ఆ 2,222 అంకెని మావాళ్ళు ప్రతి వార్షికోత్సవంలోనూ గర్వంగా చెబుతారు. దాని ముందున్న ఆ ఏడాది ఆగడాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. నాకు గొప్పగా కనిపించేది ఆ ఆగడమే. అన్నం పెట్టే చేత్తో ఒప్పుదల అడగకూడదని ఆయనకి తెలిసింది. చాక్లెట్లు, బహుమతుల సంచీ పెట్టే చేత్తో అడుగుతున్నామని మనకి ఎందుకు తట్టదు?

తట్టకపోవడం కాదు, కావాలనే చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. మిషన్ సంస్థల్లో 'నాలుగు–పద్నాలుగు కిటికీ' అనే మాట ఒకటి 1990ల నుంచి నలుగుతోంది. 2009 నుంచి లూయిస్ బుష్ అనే ఆయన దాన్ని ఒక ప్రపంచవ్యాప్త ఉద్యమంగా నడిపాడు. నమ్మినవాళ్ళలో చాలామంది నాలుగేళ్ళకీ పద్నాలుగేళ్ళకీ మధ్యనే నమ్ముతారు, కాబట్టి ఆ కిటికీ మూసుకోకముందే లోపలికి దూరాలని దాని సారాంశం. నిజమే కావచ్చు. కానీ ఆ వయసులోనే ఎందుకు నమ్ముతారు? ఆ వయసులో అక్కలు, అన్నలు ఏది చెప్పినా నమ్ముతారు కాబట్టి. పళ్ళూడితే ఎలుక కొత్త పన్ను తెచ్చిస్తుందన్నా నమ్ముతారు. అది కిటికీ అని సంతోషించాల్సిన విషయమా, కాస్త జాగ్రత్తగా అడుగు వెయ్యాల్సిన గడపా?

ఇక సాధనాలు. 'మాటలు లేని పుస్తకం' అని ఒకటుంది, చాలామంది ఎరుగుదురు. ఉత్త రంగు పేజీలు. 1866లో లండన్‌లో స్పర్జన్ దొర నలుపు, ఎరుపు, తెలుపు అని మూడు రంగులతో చెప్పిన ప్రసంగం దాని మూలం. నలుపు పాపం, ఎరుపు రక్తం, తెలుపు కడిగిన హృదయం. బంగారం, పచ్చ తర్వాత చేరాయి. లండన్‌లో తెల్ల పిల్లలకి అది ఉత్త రంగే కావచ్చు. మా వేపచెట్టు కింద అది చూపించిన ఎండాకాలమంతా, క్లాసులో అందరికన్నా నల్లగా ఉండే నా పేరు 'నల్ల పేజీ' అయింది. ఆ అక్క చెడ్డది కాదు. పుస్తకం ఎవరో పంపారు, ఆవిడ తిప్పింది.

ఇప్పుడు పుస్తకంతో పాటు పాటలు, వీడియోలు, టీషర్టుల డిజైను, బెలూన్లు ఎక్కడ కట్టాలో చెప్పే పటం అన్నీ కలిపి అమెరికా నుంచి ప్యాకేజీగా వస్తాయి. ఏడాదికొక ఇతివృత్తం. ఒక ఏడు సముద్రం అడుగు, ఒక ఏడు అంతరిక్షం. అమెరికా బాప్టిస్టుల లైఫ్‌వే సంస్థ 2020కి వేసిన పాఠ్యక్రమం 'కాంక్రీట్ అండ్ క్రేన్స్'. కన్‌స్ట్రక్షన్ సైటు అన్నమాట! నెత్తిన పసుపు పచ్చ టోపీలు పెట్టుకుని అక్కడి పిల్లలు ఆడుకోవడానికి బాగానే ఉంటుంది. మెసయీద్‌లో అది తమాషా కాదు, నాన్న డ్యూటీ. మాకు సరిపడే పాఠం మేమే రాసుకోలేమా? రాసుకోవచ్చు. కానీ ప్యాకేజీలో ఐదో రోజు ఏం చెయ్యాలో కూడా రాసి ఉంటుంది, మనం ఆలోచించక్కర్లేదు. సాఫ్ట్‌వేరు వాడిగా చెబుతున్నాను, ఎవరో రాసిన కోడు చదవకుండా లైవ్ సిస్టంలో ఎక్కించేవాణ్ణి మేం ఉద్యోగంలో ఉంచుకోం.

ఇది విన్న నా పాత మిత్రుడొకడు, యూనివర్సిటీలో నాతో చదివినవాడు, ఇప్పుడు హైదరాబాదులో ఉంటాడు, ఎగిరి గంతేశాడు. "నేను మొదట్నుంచీ చెప్పడంలే? బ్రెయిన్‌వాష్! మొత్తం మూసెయ్యాలి" అని నాకు 'జీసస్ క్యాంప్' సినిమా పంపాడు. 2006లో వచ్చిన డాక్యుమెంటరీ. నార్త్ డకోటాలో ఒక వేసవి శిబిరంలో పిల్లలు ఏడుస్తూ, వణుకుతూ ప్రార్థన చేసే దృశ్యాలుంటాయి. చూశాను, ఒళ్ళు జలదరించింది. ఎగ్జిట్ బోర్డు పచ్చ వెలుగు కూడా గుర్తొచ్చింది. కాబట్టి వాడి మాటలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి వాడినొక ప్రశ్న అడిగాను. వాళ్ళబ్బాయి ఆరో తరగతి. ఐఐటి ఫౌండేషన్‌లో ఉన్నాడు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా. ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకు, ర్యాంకు తగ్గితే సెక్షను మార్పు. "వాడు ఎప్పుడు చెయ్యెత్తాడురా ఇంజనీరవుతానని?" అన్నాను. 'అది వేరు' అన్నాడు. వేరేమీ కాదు. సీటు రాకపోతే బతుకు నాశనమని పదకొండేళ్ళ పిల్లాణ్ణి నమ్మించడం కూడా నరకం చూపించి భయపెట్టడమే. నా కూతురిని చూసి జాలిపడే ముందు వాడు తన కొడుకు నిద్ర ఎన్ని గంటలో లెక్క చూసుకోవాలి.

మావాళ్ళ వాదన ఇంకో రకం. "మొక్కై వంగనిది మానై వంగునా బ్రదర్?" అన్నారు. ఈ సామెత అందరికీ ముద్దే. బెత్తం పట్టిన పంతులుకీ, ట్యూషన్ల వాళ్ళకీ, మాకూ. మొక్కకి ఊత కర్ర పాతడం నాకూ తెలుసు, మా తోటలో పాతాను. ఈదురుగాలి చూపించి దాన్ని బెదిరించలేదు. "బాలవిహార్‌లలో వాళ్ళు శ్లోకాలు కంఠస్థం చేయించడం లేదా? మదర్సాల్లో చేయించడం లేదా? మనల్నే అంటావేం?" అన్నారు. కంఠస్థాన్ని నేనెప్పుడన్నాను? నాకు ఇరవైమూడో కీర్తన ఇప్పటికీ నిద్రలో లేపినా వస్తుంది, వేమన పద్యాలూ వస్తాయి, రెండూ నాకు మేలే చేశాయి. వాళ్ళ తరగతుల్లో కూడా పక్కింటి పిల్లని తక్కువగా చూడమని నేర్పితే అక్కడా ఇదే మాట అంటాను. కానీ నా కూతురు వెళ్ళింది వాళ్ళ దగ్గరికి కాదు, మన దగ్గరికి. లైట్లార్పింది మన హాల్లో.

చివరికి వాక్యం తీశారు. చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వమన్నది ప్రభువే కదా అన్నారు. అక్కడికే వద్దామని నేనూ చూస్తున్నాను. మార్కు పదో అధ్యాయం మళ్ళీ చదవండి. పిల్లల్ని తీసుకొస్తే శిష్యులు గదమాయించారు. ఆయనకి కోపం వచ్చింది, శిష్యుల మీద. పిల్లల్ని ఎత్తుకున్నాడు, తన చేతులు వాళ్ళ మీద ఉంచి దీవించాడు. అంతే. వాళ్ళని ఏమీ అడగలేదు, ఏమీ చెప్పించలేదు. అంతమంది పిల్లల్లో ఒక్కడి చేతా చెయ్యెత్తించలేదు. ఇక ఆయన పిల్లవాడిగా ఉన్నప్పటి సంగతి సువార్తల్లో ఒకే ఒకటి చెప్పారు: పన్నెండేళ్ళ వయసులో దేవాలయంలో పెద్దల మధ్య కూర్చుని ప్రశ్నలు అడుగుతూ దొరికాడు. మా ఐదు రోజుల కార్యక్రమంలో పిల్లలు ప్రశ్న అడగడానికి ఒక్క అరగంట లేదు. టైంటేబుల్ స్లైడు నేనే చేశాను కాబట్టి తెలుసు.

నేను అడుగుతున్నది పెద్ద మార్పేమీ కాదు. పాటలు ఉండనీయండి, తెలుగువి ఇంకో నాలుగు పెట్టండి. ఇక్కడి పిల్లలకి 'యేసయ్య' అన్న మాట తప్ప తెలుగులో ప్రార్థన రావడం లేదు, ఊరికి ఫోన్ చేస్తే నాయనమ్మతో కలిసి పాడడానికి ఒక్క కీర్తన రాదు. కథలు చెప్పండి. నోవహు ఓడ మళ్ళీ చెయ్యండి, జిగురు మేం ఉతుక్కుంటాం. ఐదో రోజు మాత్రం లైట్లు వేసి ఉంచండి. అమ్మానాన్నల్ని లోపల కూర్చోనివ్వండి. చెయ్యెత్తమని అడగకండి, లెక్క రాసుకోకండి. పిల్లలకి మీసాలొచ్చి, మొండితనమొచ్చి, మనల్ని ఎదిరించి మాట్లాడే వయసు వచ్చాక అడగండి. అప్పుడు 'కాదు' అనగలరు. 'కాదు' అనలేనివాడి 'ఔను'ని క్లౌ దొర తీసుకోలేదు. ఇండియాలో మన ఊళ్ళలో ఈ బడులు నడిపేవాళ్ళకి ఇంకో మాట: పాటల కోసం, బిస్కెట్ల కోసం పక్క పేటల పిల్లలూ వస్తారు. మేమూ అలాగే వాళ్ళ భజనకి, ప్రసాదానికి పోయేవాళ్ళం. రానివ్వండి. కానీ వాళ్ళమ్మని ఒకసారి అడిగి రండి. మా పాస్టరు గారు పొగాకు పని మాన్పించడానికి ఇంటింటికీ తిరిగినట్టు.

మా ఇంట్లో సంగతి ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. అమ్ములు చచ్చిపోదనీ, చచ్చిపోయినా దేవుడు ఏడేళ్ళ పిల్లల్ని కాల్చడనీ నేను మా చిన్నదానికి చెప్పాను. "మరి ఆ అంకుల్ అబద్ధం చెప్పాడా?" అంది. తడుముకున్నాను. ఒక పెద్దమనిషి తప్పు చెప్పాడని కూతురికి చెప్పడం కష్టంగా ఉంది. చెప్పకపోవడం ఇంకా కష్టం. "నాన్నకి తెలిసినంతవరకు అది నిజం కాదు" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. "అయితే లైట్లెందుకు ఆర్పావు?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే నిర్వాహకులకి ఒక ఉత్తరం రాశాను, పైన రాసినవన్నీ కాస్త మెత్తగా. "మీ విశ్వాసం చల్లబడినట్టుంది, మీ కోసం ప్రార్థన చేస్తున్నాం" అని జవాబొచ్చింది. మా ఆవిడ మాత్రం డబ్బాలో అరిసెలు పెట్టుకుని, చిన్నదాని చెయ్యి పట్టుకుని కిందికి వెళ్ళింది. గంటన్నరకి ఒక్కతే పైకొచ్చింది. చిన్నది అక్కడే నిద్రపోయిందట, అమ్ములు పక్కన.

వచ్చే జూన్‌కి మళ్ళీ పిలుపొచ్చింది. ప్రొజెక్టరు చూస్తానన్నాను. ఐదో రోజు లైట్లు మాత్రం ఆర్పనని కూడా చెప్పాను.

"ప్రార్థన చేసి చెప్తాం బ్రదర్" అన్నారు. ఇంకా చెప్పలేదు.